చీటీ రాసిస్తే సరిపోదు, వెంట వెళ్ళాలి

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ప్రొబేషన్ అధికారులున్నారు, వెనక కౌన్సెలర్లు, న్యాయసహాయంలో తోడుండే పారాలీగల్ వాలంటీర్లు, ఆ కిటికీ పక్కన కొందరు తల్లిదండ్రులు కూడా కూర్చున్నారు. మీలో చాలామంది ఒక రోజు కూలి వదులుకొని వచ్చారని తెలుసు, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను, కేసుల్లో పడ్డ పిల్లలకి వచ్చే ఆత్మహత్య ఆలోచనల గురించి మాట్లాడదాం.

ఒక చీటీ గురించి చెప్పాలి. ఒక పదిహేడేళ్ళ అబ్బాయి, గంజాయి కేసు. పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు వాళ్ళమ్మ పూచీ మీద ప్రొబేషన్ ఇచ్చి, అంటే మంచి నడవడి షరతు మీద అధికారి పర్యవేక్షణలో ఉండమని, ఇంటికి పంపింది. పేరు చెప్పను, ఊరు చెప్పను, కొన్ని వివరాలు మార్చే చెబుతున్నాను, ఎందుకంటే పిల్లవాడి ఆనవాలు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 74 ఉంది, అది పేపర్లవాళ్ళకే కాదు, మైకు పట్టుకున్న నాకూ వర్తిస్తుంది. మొదటి రోజే గమనించాను, కళ్ళ కింద నల్లగా ఉంది, ఏమడిగినా తలెత్తడు, రాత్రి ఎన్నింటికి పడుకున్నావంటే "తెలీదు మేడం" అంటాడు. ఇది మందలించి పంపే వ్యవహారం కాదనిపించి ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి చీటీ రాసిచ్చాను. రిజిస్టర్లో "రిఫర్ చేయడమైనది" అని రాసి సంతకం పెట్టాను.

మూడు వారాల తర్వాత సంతకానికి వచ్చాడు. "వెళ్ళావా నాన్నా?" అంటే మాట్లాడకుండా ప్యాంటు వెనక జేబులోంచి తీసి చూపించాడు. అదే చీటీ. నాలుగు మడతలు పెట్టి ఉంది, ప్యాంటుతో పాటు ఒకసారి ఉతుక్కి కూడా వెళ్ళొచ్చినట్టుంది, రాతంతా నీలం మరకయిపోయింది, మడతల దగ్గర చిరుగు పట్టింది. ఆస్పత్రికి వెళ్ళలేదు, అలాగని చీటీ పారేయనూ లేదు. ఆ రెండో మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. అక్కర్లేదనుకున్నవాడైతే బయటికి వెళ్ళగానే చింపేసేవాడు కదా, మూడు వారాలు జేబులో పెట్టుకు తిరిగాడంటే వెళ్దామనే ఉంది, వెళ్ళలేకపోయాడు.

ఎందుకు వెళ్ళలేకపోయాడో తర్వాత మెల్లగా చెప్పాడు. ఓపీ పొద్దున పూటే, అది కూడా మధ్యాహ్నం దాకే. వాళ్ళమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పొద్దున్నే వెళ్ళిపోతుంది, సీజన్లో ఒక్కరోజు మానితే మేస్త్రీ మళ్ళీ పిలుస్తాడో లేదో. ఒక్కడే బస్సెక్కి ఆస్పత్రి గేటు దాకా వెళ్ళాడు. క్యాజువాలిటీ పక్కన పోలీస్ ఔట్‌పోస్టు ఉంటుంది కదా, అక్కడ ఇద్దరు కానిస్టేబుళ్ళు కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. వాళ్ళకి ఈ అబ్బాయెవరో కూడా తెలియదు. అయినా ఖాకీ కనిపించగానే వెనక్కి తిరిగి వచ్చేశాడు.

నా రిజిస్టర్ చూసినవాళ్ళు మాత్రం ఆ అబ్బాయికి వైద్యం మొదలైందనే అనుకుంటారు. ఆ మూడు వారాల్లో ఏమైనా జరిగి ఉంటే "మేం రిఫర్ చేశాం" అనే వాక్యం నా చేతిలో ఉండేది. ఆ వాక్యం వల్ల నాకు రక్షణేగాని పిల్లవాడికి కాదు. నేను ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క విషయం చెప్పడానికే, "వెళ్ళు" అని చెప్పడానికీ అతను డాక్టరు ముందు కుర్చీలో కూర్చోవడానికీ మధ్య ఉన్న దూరంలోనే మనం పిల్లల్ని పోగొట్టుకుంటున్నాం, ఆ దూరం మనమే నడవాలి.

ప్రొబేషన్ అనే పని పుట్టిందే అలా. 1841లో అమెరికాలో బోస్టన్ నగరంలో జాన్ ఆగస్టస్ అనే బూట్లు కుట్టే ఆయన కోర్టులో కూర్చుని ఉంటే, తాగిన నేరం మీద ఒక మనిషిని తీసుకొచ్చారు. ఈయన లేచి, ఇతన్ని జైలుకు పంపకండి, నా పూచీ మీద వదలండి అని అడిగి, మూడు వారాల తర్వాత తనే వెంటబెట్టుకుని మళ్ళీ కోర్టుకు తీసుకొచ్చాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళ పాటు, తను చనిపోయేదాకా, దాదాపు రెండు వేల మందికి అలాగే పూచీ పడ్డాడు. ఆయనకు జీతం లేదు, హోదా లేదు, ఫారాలూ లేవు, అందరికంటే ముందు చేసిన పని మాత్రం పక్కన నిలబడటం.

మన చట్టం కూడా దీనికి అడ్డు చెప్పడం లేదు, పైగా చేయమనే అంటోంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 18 తెరిచి చూడండి. మంచి నడవడి షరతు మీద తల్లిదండ్రుల దగ్గరికి పంపే ఆదేశం, మూడేళ్ళకు మించకుండా, అందులోనే ఉంది. దాని కిందే బోర్డు అదనంగా ఇవ్వగల ఆదేశాలు ఉన్నాయి, బడికి పంపమనడం, వృత్తి శిక్షణ, చికిత్సా కేంద్రానికి వెళ్ళమనడం, మత్తు మాన్పించే కార్యక్రమంలో చేర్చడం. ఇన్ని అవకాశాలుండగా పిల్లవాడి ఇల్లు, బడి, పరిస్థితి విచారించి మనం బోర్డుకి రాసే సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టులో మానసిక పరిస్థితి అన్న చోట "సాధారణం" అని ఒక్క ముక్క రాసి ముగించేస్తే బోర్డు మాత్రం ఏం ఆదేశిస్తుంది? ఆ రిపోర్టుకి మనకుండేది పదిహేను రోజులు, చేతిలో పది కేసులుంటాయి, ఇంటికి వెళ్ళాలి, బడికి వెళ్ళాలి, తెలుసు నాకు. కానీ ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆస్తిపాస్తుల గురించి నాలుగు ప్రశ్నలు తగ్గించి, నిద్ర గురించి ఒకటి, బతుకు మీద ఆశ గురించి ఒకటి అడగండి. పద్దెనిమిది దాటి ఇరవై ఒకటి నిండనివాళ్ళు 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద మన దగ్గరికి వస్తారు, వాళ్ళ పరిస్థితి ఇంకా ఇబ్బంది, పిల్లల సేవల్లోంచి జారిపోయారు, పెద్దల సేవలు ఎక్కడున్నాయో తెలియదు. వాళ్ళ విషయంలో సెక్షన్ 6 కింద ప్రొబేషన్ అధికారి రిపోర్టు తెప్పించుకొని చూడాలని కోర్టుకే చట్టం చెబుతోంది, అంటే అక్కడ కూడా మన కలానికి విలువుంది.

ఇప్పుడు ఎప్పుడు జాగ్రత్తగా ఉండాలో చెబుతాను, ఇది నా అనుభవంలోంచి చెబుతున్న మాట. విచారణ సాగుతుండగా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నన్నాళ్ళూ చుట్టూ మనుషులుంటారు, నిఘా ఉంటుంది. ఇంటికి వచ్చిన మొదటి వారం, అందరూ "హమ్మయ్య, వచ్చేశాడు" అనుకునే వారమే నాకు భయం. వీధిలో చూపులు మారి ఉంటాయి, స్నేహితుల తల్లులు పిల్లల్ని పంపరు, కాలేజీలో పేరు కొట్టేసి ఉంటారు. ఆ తర్వాత వాయిదా ముందు రోజు రాత్రి. వాయిదా అంటే మనకి అలవాటైన మాట, ఆ పిల్లవాడికి మాత్రం మళ్ళీ లోపల వేస్తారేమోనన్న టెన్షన్. ఇంకొకటి, ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన రోజు. ఊరి గ్రూపులో ఎవరో పెడతారు, "మన ఊరి పరువు తీశాడు" అని కింద నలుగురు రాస్తారు. అలా ఆనవాలు బయటపెడితే ఆరు నెలల వరకూ జైలు, రెండు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ ఉండొచ్చని సెక్షన్ 74 చెబుతోంది. గ్రూప్ అడ్మిన్‌కి ఫోన్ చేసి ఈ ముక్క చెప్పండి, నా అనుభవంలో చాలాసార్లు గంటలో తీసేశారు. ప్రేమ వ్యవహారంలో పోక్సో కేసు, అంటే మైనర్లపై లైంగిక నేరాల చట్టం కింద కేసు, పడ్డ అబ్బాయిల విషయంలో మరీ జాగ్రత్త, అక్కడ కేసు భయంతో పాటు మనిషిని పోగొట్టుకున్న దుఃఖం కూడా ఉంటుంది, ఆ దుఃఖాన్ని ఇంట్లో ఎవరి ముందూ చెప్పుకునే వీల్లేదు.

మన దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో మూడో వంతుకు పైగా పద్దెనిమిది నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు వాళ్ళే. ఈ అంకె మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. మన దగ్గరికి సంతకానికి వచ్చే పిల్లలు ఆ వయసు గుమ్మంలోనే ఉన్నారు, దానికి తోడు కేసు ఉంది, చాలామందికి మత్తు అలవాటుంది, ఇంట్లో గొడవలున్నాయి, చదువు ఆగిపోయింది. నెలకోసారైనా వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడే అధికారం ఉన్న మనిషి ఊళ్ళో ఇంకెవరూ ఉండరు, మీరు తప్ప.

మరి ఎలా అడగాలి? చాలామంది అధికారులు నాతో అంటారు, "మేడం, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో." కాదండీ. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చెప్పేది అదే, ఇన్నేళ్ళలో నేను చూసిందీ అదే. ఎన్నాళ్ళుగానో లోపల మోస్తున్న మాట ఒకరు నోరు తెరిచి అడిగేసరికి వాళ్ళకి ఊపిరి ఆడుతుంది. చుట్టుతిప్పి అడగొద్దు. "పిచ్చి ఆలోచనలేం రావట్లేదు కదా?" అని అడిగామనుకోండి, జవాబు మనమే చెప్పేసినట్టు, వాడు "లేదు సార్" అంటాడు. సూటిగా, మామూలు గొంతుతో, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడగండి. అవునంటే వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టొద్దు. "నువ్వు పోతే మీ అమ్మ ఏమైపోతుంది" అనే మాట మనందరి నాలుక మీదా ఉంటుంది, ప్రేమతోనే అంటాం, కానీ అప్పటికే నేను అమ్మకి భారమయ్యానని అనుకుంటున్న పిల్లవాడికి ఆ మాట ఇంకో బరువు. "ఎప్పటినుంచి అలా అనిపిస్తోంది? నిన్న రాత్రి కూడా అనిపించిందా? ఏం చేద్దామనుకున్నావు?" అని అడిగి వినండి. ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడని తెలిస్తే అతన్ని ఒంటరిగా బస్టాండుకు పంపకూడదు. ఇంట్లోవాళ్ళు వచ్చేదాకా పక్కనే ఉండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, పరిస్థితి చెయ్యి దాటేట్టుంటే 108కి ఫోన్ చేయాలి.

తల్లిదండ్రులకి ఇక్కడ ఒక మాట. ఇంట్లో పురుగుమందులు, మాత్రలు లాంటివి ఉంటే కొన్నాళ్ళు వేరేచోటికి మార్చండి, లేదా తాళం వేసి ఆ తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. ఆ ఆలోచన ఉధృతంగా ఉండే సమయం చాలాసార్లు కొద్దిసేపే, ఆ కొద్దిసేపు చేతికి ఏమీ అందకుండా ఉంటే, పక్కన మనిషి ఉంటే, అది దాటిపోతుంది.

ఇంకా పెద్ద విషయం ఒకటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రొబేషన్‌లో ఉన్న పిల్లవాడు ఏదైనా అఘాయిత్యం చేసి బయటపడితే, ఇంట్లోవాళ్ళు దాచేస్తారు. ఎందుకు? మంచి నడవడికి రాసిచ్చిన బాండ్ రద్దవుతుందని, మీద ఇంకో కేసు పడుతుందని. ఆస్పత్రి నుంచి స్టేషన్‌కి కబురు వెళ్తుంది, కానిస్టేబుల్ వచ్చి వాంగ్మూలం అడుగుతాడు, అది చూసి భయపడి కడుపునొప్పి అని చెప్పి ఇంటికి తీసుకెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు. దయచేసి వినండి, 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ఏం చెబుతోందంటే, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి, వేరేలా రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు, పైగా అతనికి వైద్యం, పునరావాసం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో అడ్డుకోవడానికో బలవంతపెట్టడానికో చేసే ప్రయత్నం మాత్రం వేరే సెక్షన్ కింద నేరంగా ఉంచారు, బాధతో చేసుకున్నదానికి దానితో సంబంధం లేదు. అధికారులకు కూడా ఒక విన్నపం, అలాంటి కబురు అందినప్పుడు మీ మొదటి మాట "బాండ్ షరతు ఉల్లంఘించాడు" అని కాకుండా, "ఇప్పుడు ఎలా ఉన్నాడమ్మా?" అని ఉండనివ్వండి. ఆ ఒక్క మాటని బట్టే ఆ ఇల్లు మిమ్మల్ని మళ్ళీ నమ్మాలా వద్దా అని నిర్ణయించుకుంటుంది.

నమ్మకం అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. పిల్లవాడికి ముందే చెప్పండి, నువ్వు నాతో చెప్పేవాటిలో ఏవి రిపోర్టులో రాస్తాను, ఏవి రాయను, నీ ప్రాణానికి ప్రమాదమనిపిస్తే మాత్రం దాచను అని. డాక్టరుతో చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలని అదే మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. బోర్డుకు కావలసింది చికిత్సకి వెళ్తున్నాడా లేదా అన్నది, లోపల ఏం ఏడ్చాడన్నది కాదు.

మళ్ళీ ఆ చీటీ అబ్బాయి దగ్గరికి వస్తాను. తర్వాతి మంగళవారం నేనే వెంట వెళ్ళాను. ఔట్‌పోస్టు వైపు కాకుండా వెనక గేటు నుంచి తీసుకెళ్ళాను, దారి ముందు రోజే చూసి పెట్టుకున్నాను. ఓపీ కౌంటర్ దగ్గర వయసు, ఊరు అడిగాక ఆమె "ఏం కేసు?" అంది. ఆస్పత్రిలో కేసంటే జబ్బు, అందరినీ అలాగే అడుగుతారు. మా వాడు బిగుసుకుపోయి తన సెక్షన్ నంబరు చెప్పబోయాడు. నేను చెయ్యి పట్టుకొని "నిద్ర పట్టట్లేదమ్మా, డాక్టర్ గారికి చూపించాలి" అన్నాను. ఆ క్షణంలో నేను లేకపోతే, ఆ క్యూలో అంతమంది ముందు తన నేరం తన నోటితో చెప్పుకుని, ఇక జన్మలో ఆస్పత్రి గడప తొక్కేవాడు కాదు. తెలుసుగా, మానసిక ఆస్పత్రులు ఉన్నందుకే హైదరాబాద్ వైపు ఎర్రగడ్డ అన్నా, విశాఖ వైపు వాల్తేరు అన్నా జనం తిట్టుగా వాడతారు, ఏదో వెటకారంగా అనేస్తాం. కేసు మచ్చ ఉన్నవాడికి దాని మీద ఈ మచ్చ కూడా ఎందుకని భయపడటంలో తప్పేముంది?

బయట వేపచెట్టు కింద గంటన్నర కూర్చున్నాం. నా నంబరు చెప్పి, అక్కడే అతని ఫోన్ నుంచి నాకు మిస్డ్ కాల్ ఇప్పించాను. ఎందుకంటే అంతకుముందు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు, తెలియని నంబరంటే స్టేషనే అనుకునేవాడు. "నీకిష్టమైన పేరుతో సేవ్ చేసుకో" అన్నాను. కాసేపు ఆలోచించి "ఆస్పత్రి అక్క" అని టైపు చేశాడు. అప్పటిదాకా నేను మేడాన్ని.

ఫోన్ చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఐదు దేశాల్లో ఒక అధ్యయనం జరిగింది, 2008లో ఫలితాలు ప్రచురించారు, ఆ ఐదు చోట్లలో మన చెన్నై ఒకటి. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికి వచ్చిన 1,867 మందిని తీసుకున్నారు. కొందరికి మామూలుగా ఇచ్చే వైద్యం ఇచ్చి పంపారు. మిగతావాళ్ళతో దానికి తోడు ఇంచుమించు గంటసేపు కూర్చొని మాట్లాడి, ఆ తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికి వెళ్ళో పలకరించారు. అంతే. పద్దెనిమిది నెలలయ్యేసరికి మామూలు వైద్యం పొందినవాళ్ళలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోతే, పలకరింపు అందినవాళ్ళలో 0.2 శాతం. ఖరీదైన మందు కాదు, పెద్ద యంత్రం కాదు, తొమ్మిదిసార్లు "ఎలా ఉన్నావు" అని అడగడం. మన పిల్లలు ఎలాగూ మన దగ్గరికి సంతకానికి వస్తారు కదా, ఆ రాకల్నే పలకరింపుగా మార్చుకోమంటున్నాను. రిజిస్టర్ ముందుకు తోసి వేలు చూపించడం మానేసి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి.

ప్రతివాళ్ళ వెంటా నేనే ఎలా వెళ్ళగలను అని మీరు అడుగుతారు. ఇందాక టీ దగ్గర ఒక సార్ అడిగారు కూడా, జిల్లా మొత్తానికి ఒక్కడినే ఉన్నానమ్మా అని. నిజమే సార్. అందుకే వెంట వెళ్ళేది మీరే కానక్కర్లేదు, ఎవరో ఒకరు ఖాయంగా ఉండాలి, ఆ పేరు చీటీ మీదే రాయండి. పారాలీగల్ వాలంటీరు, మేనమామ, బడిలో ఇష్టమైన మాస్టారు, పిల్లవాడు ఎవరి పేరు చెబితే వాళ్ళు. ఓపీ ఉండే రోజు, వాయిదా రోజు ఒకటే అయ్యేలా చూడండి, లేకపోతే పాపం ఆ తల్లి రెండింటికీ రెండు రోజుల కూలి పోగొట్టుకుంటుంది, లేదా ఆస్పత్రి ఎగ్గొడుతుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్ళు మీ ఆస్పత్రిలో ఎవరున్నారో ఒకసారి వెళ్ళి ముఖాముఖి పరిచయం చేసుకోండి, ఫలానా అబ్బాయిని పంపుతున్నానని ముందు రోజు ఫోన్ చేయగలిగేంత పరిచయం. రాత్రిపూట మనం అందుబాటులో ఉండం. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, 14416, డబ్బులు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు కాగితం మీద రాసిస్తే మళ్ళీ ఉతుక్కి వెళ్తుంది, మీ ఎదురుగానే కలిపి, స్పీకర్ పెట్టి, ఒకసారి మాట్లాడించండి. ఒకసారి మాట్లాడిన గొంతుకి రెండోసారి ఫోన్ చేయడం తేలిక.

ఆ అబ్బాయి ఇప్పుడు ఏసీలు బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. మందులు ఏడెనిమిది నెలలు వాడాడు, మధ్యలో ఒకసారి మానేశాడు, మళ్ళీ వెళ్ళాం. అంతా బాగైపోయిందని చెప్పను, ఇప్పటికీ కొన్ని రాత్రులు ఫోన్ చేస్తాడు, ఏమీ మాట్లాడడు, "ఊరికే చేశానక్కా" అంటాడు. నేను కూడా ఊరికే ఏం తిన్నావని అడుగుతాను.

నాకిచ్చిన సమయం అయిపోతోంది, కానీ చేతిలో పావుగంట ఉంచుకున్నాను. దయచేసి మీ పక్కన కూర్చున్నవాళ్ళ వైపు తిరగండి, ఇద్దరిద్దరు. ఒకరు అధికారి, ఒకరు ఆ పిల్లవాడు. ఆ ప్రశ్న ఉంది కదా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని, దాన్ని బయటికి వినబడేలా ఒక్కసారి అడగండి. మొదటిసారి గొంతు పట్టేస్తుంది, నాకూ పట్టేసింది, అందుకే ఇక్కడే అలవాటు చేసుకుందాం. అమ్మా, మీరు కూడా, మీ ఆయన వైపు తిరగండి. సార్, మీకు జత లేరా? ఇలా రండి, నేను కూర్చుంటాను, మీరు నన్ను అడగండి.